రాజు పిరికివాడు, అనుకుందాం

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. పద్నాలుగేళ్లయింది. పర్మనెంటు ఉద్యోగం కాదు. ప్రతి జూన్‌లో మళ్లీ ఆర్డరు ఇస్తారు, ఇవ్వకపోతే ఎందుకని అడగడానికి ఉండదు. మా ఇల్లు కాజీపేటలో. మా ఆయన ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. ఎవరు ఫోన్ చేసి అడ్రసు చెబితే వాళ్లింటికి సంచి భుజాన వేసుకుని బండి మీద వెళ్తాడు. ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. భయం పట్టుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి ఇవే కాబట్టి వీటితోనే మొదలుపెడుతున్నాను.

మా నాన్న బడిపంతులు. మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు పద్యాలు, ఇంట్లో అలా పెరిగాను. తెలుగు ఎమ్మే చదువుతానంటే బంధువుల్లో ఒకరిద్దరు నవ్వారు గానీ నాన్న నవ్వలేదు. పద్యం గొంతెత్తి చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేను ఏ గుడికి వెళ్తానో, నాకూ పద్యానికీ ఏమిటి సంబంధమో ఎవరైనా అడుగుతారని ఆ ఫిబ్రవరి దాకా నాకు తట్టలేదు.

రెండో సంవత్సరం పిల్లలకు ఒక పాత పద్యకావ్యంలోంచి కొంత భాగం పాఠంగా ఉండేది. దాని పేరు ఇక్కడ రాయను. కథ పెద్దదేమీ కాదు. శత్రువులు ఒక చిన్న రాజు కోటను చుట్టుముడతారు. నెల గడిచేసరికి లోపల గింజలు అయిపోవస్తాయి. ఒక మధ్యాహ్నం రాజు తూము గుండా బయటపడి, శత్రువుల గుర్రాలకు గడ్డి మోసే కూలీల్లో కలిసిపోతాడు. నెత్తిన పచ్చిగడ్డి మోపుతో వాళ్ల డేరాల మధ్యనుంచే నడిచి వెళ్లిపోతాడు. పొరుగు రాజు దగ్గర సైన్యం అడగడానికి వెళ్లాడని మనకు తర్వాత తెలుస్తుంది. అప్పటికి తెలిసింది మాత్రం ఒక్క ముసలి మంత్రికే. రాణి వచ్చి అడుగుతుంది, ఊరి పెద్దలు వచ్చి అడుగుతారు, మంత్రి నోరు విప్పడు. రాజు సైన్యంతో తిరిగొచ్చేసరికి ఊరు సగం కాలిపోయి ఉంటుంది.

డేరాల మధ్య ఆ నడకను చెప్పే పద్యంలో కవి రాజు అడుగులు తడబడ్డాయంటాడు. మోపు బరువుకు తడబడ్డాయా, ప్రాణభయానికి తడబడ్డాయా అన్నది చెప్పడు. నాకు ఆ పాఠమంతటిలో ఇష్టమైన చోటు అదే. గైడుల్లో మాత్రం పాత్రల గురించి రెండేసి ముక్కలుంటాయి. రాజు ధీరుడు, మంత్రి స్వామిభక్తి కలవాడు. పిల్లలు అవి బట్టీపట్టి రాస్తారు. మంత్రి గురించి నా అభిప్రాయం వేరు. అతను భయపడ్డాడని, ఊరికి నిజం చెప్పాల్సిన ఘడియలో నోరు మూసుకున్నాడని ఏటా చెబుతూ వచ్చాను. పద్నాలుగేళ్లు చాలా ధీమాగా చెప్పాను.

ఆ సోమవారం క్లాసును రెండుగా చీల్చాను. కిటికీ వైపు బెంచీలవాళ్లు రాజు భయపడి పారిపోయాడని వాదించాలి. తలుపు వైపు వాళ్లు ఉపాయంతో వెళ్లాడని వాదించాలి. "ఊరికే అనుడు కాదు, ఏ పద్యంల ఏ మాట చూసి అంటున్నరో అది చూపెట్టాలె" అని షరతు పెట్టాను. మొదట నవ్వులు, గుసగుసలు. తర్వాత కిటికీ పక్క మొదటి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ములుగు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. బస్సు ఆలస్యమై మొదటి పీరియడ్ తరచు పోయేది. అందుకని నన్ను అడిగి, పాఠాలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకునేది, దారిలో చెవిలో పెట్టుకుని వినేది.

"మేడం, పోతే పోయిండు. చెప్పి పోవాలె కదా," అంది. "పెండ్లానికి చెప్పలే, ఊరోళ్లకు చెప్పలే. గట్లెళ్లినోన్ని దొంగ అంటరు గనీ రాజంటరా? నేనైతే కోట దర్వాజ మూసి మళ్ల లోపటికి రానియ్య."

క్లాసంతా గొల్లుమంది. నేను ఆమెను పేరుపెట్టి మెచ్చుకుని, ఆ వాదనను అవతలి పక్షానికి అందించడానికి నా మాటల్లోకి తీసుకున్నాను. "రాజు పిరికివాడు. ప్రాణం మీద తీపితో భార్యనూ ప్రజల్నీ వదిలేసి పారిపోయాడు. గడ్డిమోపు కింద మొహం దాచుకున్నవాణ్ని రాజని ఎందుకు పిలవాలి, అని అనుకుందాం. అలా అనుకుంటే మరి తర్వాతి పద్యంలో కవి అతన్ని సింహంతో ఎందుకు పోల్చినట్టు?" అని తలుపు వైపు చూశాను. అవతలి నుంచి నాలుగు చేతులు లేచాయి. గంట కొట్టాక కూడా వాదన ఆగలేదు. స్టాఫ్ రూములోకి వచ్చి నీళ్లు తాగుతూ, పద్నాలుగేళ్లలో ఇలాంటి క్లాసు పది కూడా జరగలేదనుకున్నాను.

బుధవారం పొద్దున టిఫిన్ డబ్బాలు కడుతుంటే ఫోన్ మోగింది. మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఆవిడ. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"అక్కా, వాట్సాప్ చూసినవా?"

"లేదు, ఏంది?"

"నిలబడి చూడకు. జర కూసొని చూడు."

కాలేజీ వార్షికోత్సవంలో ఎవరో తీసిన నా ఫొటో. దాని వెనక నా గొంతు. రాజు పిరికివాడు. ప్రాణం మీద తీపితో. మొహం దాచుకున్నవాణ్ని రాజని ఎందుకు పిలవాలి. అంతే, అక్కడితో ఆగిపోయింది. కింద కాలేజీ పేరు, నా పేరు, "మన రాజును ఇట్ల తిట్టే మేడంను ఏం చేద్దాం?" అన్న ప్రశ్న.

తెలుగులో అసలు మాట వాక్యం చివర వస్తుంది. దేన్నైనా వంద రకాలుగా చెప్పి చివర్లో "అనుకుందాం" అంటే ఆ వంద మాటలూ మనవి కాకుండా పోతాయి. పద్నాలుగేళ్లుగా పిల్లలకు వ్యాకరణం చెబుతున్నదాన్ని, ఆ ఒక్క మాట కోసేస్తే మనిషికి ఏమవుతుందో ఆ పొద్దున వంటింట్లో స్టూలు మీద కూర్చుని తెలుసుకున్నాను. మూడుసార్లు విన్నాను. మూడోసారి నాకే అనుమానం వచ్చింది, నేను నిజంగా అనుకుందాం అన్నానా అని.

ఆ కావ్యంలోని రాజు తమ పూర్వీకుడని చెప్పుకునే వాళ్లు మా జిల్లాలో ఉన్నారని, వాళ్లకో సంఘం ఉందని నాకు తెలియదు. తొమ్మిదిన్నరకు మొదటి ఫోన్ వచ్చింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మేడం, ఆ గొంతు మీదేనా?"

"నాదే. కాని అది పూర్తి మాట కాదండి, క్లాసులో వాదన కోసమని..."

"గొంతు మీదే కదా. మా రాజు మీకేం అన్యాయం చేసిండు మేడం?"

తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. అతను తిట్టలేదు. "సరే, కలుస్తం" అని పెట్టేశాడు. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో కొందరు అరిచారు, కొందరు మాట్లాడకుండా ఊపిరి వినిపించి పెట్టేశారు. ఒకాయన మాత్రం తీరిగ్గా, "మీరు చర్చికి పోతరట కదా. మా రాజు ముచ్చట మీకెందుకు?" అన్నాడు. నాకు జవాబు ఉంది. పద్యం నాకు మా నాన్న ఇచ్చిందని చెప్పొచ్చు. ఫోన్ పెట్టేశాను. చర్చి సంగతి అతనికి ఎవరు చెప్పారన్నది తప్ప ఇంకేదీ తోచలేదు. మా ఇల్లు తెలిసినవాళ్లెవరో చెప్పి ఉండాలి. ఇల్లు తెలుసు. ఆ రెండు ముక్కలే తల్లో తిరిగాయి.

సెలవు పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని బయల్దేరాను. చున్నీ తల మీదుగా చుట్టుకుని, ఎండకన్నట్టు మొహం సగం కప్పుకుని బస్సెక్కాను. ఫాతిమానగర్ దాటాక ముందు సీట్లోంచి నా గొంతు వినిపించింది. నడివయసు మనిషి, చేతిలో ఫోన్. రాజు పిరికివాడు. పక్కనున్నతను ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాడు.

"ఎక్కడి మేడం?"

"మన హన్మకొండనే అంట."

"జీతాలిచ్చి గిట్ల చెప్పిస్తాండ్రా?"

వాళ్లు కోపంగా కూడా లేరు. పొద్దుపోక మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ల వెనక సీట్లో, రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే నోరు తెరవలేదు. మాట్లాడితే ఆ గొంతు ఈ గొంతూ ఒకటేనని తెలిసిపోతుందని, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ కోసం ఆధార్ కార్డు తీసి చూపించి, వేలితో ముందుకు చూపాను. ఆయన నన్ను మూగదాన్ననుకున్నాడు, జాలిగా టికెట్ చేతిలో పెట్టాడు.

ప్రిన్సిపాల్ తన గదికి పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. క్లిప్పు విన్నాడు, నేను చెప్పింది కూడా విన్నాడు.

"నాకు తెలుసు మేడం, మీరు గట్ల అనరు. కానీ మనం వాళ్లకు వ్యాకరణం చెప్పి ఒప్పించలేం. శనివారం పదకొండు గంటలకు వాళ్ల పెద్దమనుషులు వస్తున్నరు. ఒక కాగితం రాసి పెట్టుండ్రి. బాధ కలిగితే క్షమించండి, అంతే. మీరు ఎక్కువ మాట్లాడకుండ్రి, నేను చూసుకుంట." కొంచెం ఆగి, నా వైపు చూడకుండా, "జూన్‌ల మళ్ల ఆర్డర్లు ఇయ్యాలె కదా," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం జరిగింది మరవలేను. మా ఆయన భోంచేస్తుంటే ఎవరో ఫోన్ చేసి, ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలో ఫ్రిజ్ చల్లబడటం లేదు, వెంటనే రావాలన్నారు. తెలియని నంబరు. చివర్లో, "మీ మిసెస్ లెక్చరరే కదా?" అని అడిగారట. ఆయన చేయి కడుక్కుని సంచి తీశాడు. నేను సంచి పట్టుకున్నాను.

"పోకు."

"పనే కదా అది. పోకుంటె ఎట్ల?"

"నా సంగతి ఎందుకడిగిండు?"

"అందరు అడుగుతాండ్రు ఈ రెండు దినాలు. నేనేం చెప్పాలె, నా పెండ్లాం కాదనాల్నా?"

కాసేపు ఇద్దరం ఆ సంచి చెరోవైపు పట్టుకుని నిలబడ్డాం. మాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఆయన ఎప్పుడూ నా చేయి విదిలించలేదు. ఆ రోజు విదిలించాడు. ఆయన వెళ్లాక పది నిమిషాలకోసారి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తాడు, మూడోసారి ఎత్తలేదు, నాలుగోసారీ ఎత్తలేదు. వంటింట్లోకి, వాకిట్లోకి తిరిగాను. కూతురు ట్యూషన్‌కు బయల్దేరితే వద్దని తలుపు గడియ పెట్టాను. అది లోపలికి వెళ్లి తన ఫోన్‌లో ఉన్న కాలేజీ గ్రూపులన్నిట్లోంచి బయటికి వచ్చేసింది. ఎవరూ చెప్పలేదు దానికి. గంటన్నర తర్వాత ఆయన వచ్చాడు. గ్యాసు నింపుతుంటే రెండు చేతులూ ఖాళీ లేక ఫోన్ ఎత్తలేదట. ఫ్రిజ్ నిజంగానే పాడయిందట. ఆ ఇంటావిడ నా పాత విద్యార్థి, నన్ను అడిగినట్టు చెప్పమందట. నేను తలుపుకు ఆనుకుని ఏడ్చాను. ఆయన సంచి కింద పెట్టి పక్కనే కూర్చున్నాడు.

ఈలోగా నాలో ఇంకో జబ్బు మొదలైంది. క్లాసులో ఒక్కో మొహమూ చూసి, కోసింది నువ్వా, నువ్వా అని మనసులో అడుగుతున్నాను. తలుపు వైపు బెంచీలో ఎవరైనా చేయి కిందికి పెడితే ఫోన్ తీశారేమోనని నా మాట ఆగిపోయేది. ములుగు అమ్మాయి ఆ మూడు రోజులూ రాలేదు. రికార్డు చేసేది ఆమె ఒక్కతే. చివరికి నా అనుమానమంతా ఆమె మీదే గడ్డకట్టింది. నేనే అనుమతి ఇచ్చాను, నేనే పేరుపెట్టి మెచ్చుకున్నాను అని కుమిలిపోయాను.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు, కాలేజీ ఖాళీ అవుతుంటే, ఆమె స్టాఫ్ రూము తలుపు దగ్గర కనిపించింది. మొహం వాడిపోయి ఉంది. నేను రమ్మనలేదు. ఆమే వచ్చి ఫోన్ టేబుల్ మీద పెట్టింది.

"మేడం, నేను కొయ్యలే. ఆ దినం రాని దోస్తుల కోసం మొత్తం పాఠం క్లాస్ గ్రూపుల పెట్టిన. అండ్లకెల్లి ఎవలో తీసుకున్నరు. ఎవలో నాకు తెల్వది."

"మూడు రోజులు ఎందుకు రాలే?"

"భయమైంది మేడం. మీరు నన్నే అనుకుంటరని."

అనుకున్నాను. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

మొత్తం పాఠం ఆ ఫోన్‌లో ఉంది. యాభై నిమిషాలు. నా అనుకుందాం అందులో ఉంది. ఇద్దరం తలలు దగ్గరపెట్టి విన్నాం. ఆ మాట వచ్చినప్పుడు నాకు మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి అందింది. కాని దాని ముందు ఆమె గొంతు ఉంది. దొంగ అంటరు గనీ రాజంటరా. దర్వాజ మూసి మళ్ల రానియ్య. వెంటనే నా గొంతు, ఆమెను పేరుపెట్టి పిలిచి, బాగా చెప్పావంటూ. నా మాట ముక్కకే ఇంత జరిగితే ఆమె మాట మొత్తానికి ఏం జరుగుతుంది?

"రేపు గిది వినిపియ్యుండ్రి మేడం," అంది.

"వినిపిస్తే నీ పేరు బయటకొస్తది."

ఆమె గోరు కొరుక్కుంది. "మా నాయిన కాలేజీ బంద్ పెట్టిస్తడేమో," అంది మెల్లగా. మళ్లీ తనే, "అయినా వినిపియ్యుండ్రి," అంది. రికార్డింగు నా ఫోన్‌కు పంపించి, బస్సు పోతుందని పరిగెత్తింది.

శనివారం నలుగురు వచ్చారు. ముగ్గురు నలభై దాటనివాళ్లు, ఒకాయన బాగా పెద్దాయన, తెల్లటి పంచె, చేతికర్ర. టీలు వచ్చాయి. ప్రిన్సిపాల్ నా కాగితాన్ని వాళ్ల ముందుకు జరిపాడు. అందరిలోకీ ఎత్తుగా ఉన్నతను కాగితం ముట్టుకోలేదు. ఫోన్లో కలుస్తం అన్నది ఇతనే, గొంతు గుర్తుపట్టాను.

"కాగితం ఎవలు చూస్తరు సార్? ఆమె మాట ఊరంత విన్నది. సారీ కూడ ఊరంత వినాలె. వీడియో తీస్తం."

నా ఫోన్ నా ఒళ్లో ఉంది. బొటనవేలు రికార్డింగు మీదే ఉంది. నొక్కితే చాలు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. నొక్కలేదు.

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "అమ్మా, అసలు గా పుస్తకంల ఏం రాసున్నది? మేమైతే ఎవ్వలం సదువలే."

ప్రిన్సిపాల్ కళ్లతో వద్దని సైగ చేశాడు. కాని అడిగింది పద్యం గురించి. ఆ వారంలో నన్ను దాని గురించి అడిగినవాడు ఆయనొక్కడే. పద్యం చదివాను. అర్థం చెప్పాను. గడ్డిమోపు, డేరాలు, తడబడిన అడుగులు. "బరువుకు తడబడ్డాడో, భయానికి తడబడ్డాడో కవి చెప్పలేదు. పిల్లల్ని అది ఆలోచించమన్నాను," అన్నాను.

పెద్దాయన చేతికర్ర పక్కకు ఆనించాడు. "పచ్చిగడ్డి మోపు నేను మోసిన. నీళ్లు కారుతయి మెడమీదికి. మంచిగున్నోనికే కాళ్లు తడబడ్తయి," అన్నాడు. ఆ తర్వాత తక్కువ గొంతుతో, "భయం కూడ ఉంటది తీయ్. చుట్టు దుష్మన్‌లాయె," అన్నాడు.

ఎత్తు మనిషి విసుక్కున్నాడు. "తాతా, నువ్వు ఊకో. మేడం, వీడియో."

నన్ను కిటికీ దగ్గర నిలబెట్టారు. వెలుతురు బాగుంటుందట. ఏం చెప్పాలో అతనే చెప్పాడు. నేను చెప్పాను. రాజు గారిని అవమానించేలా మాట్లాడినందుకు క్షమించండి. అవమానించలేదని నాకు తెలుసు. ఒకసారి సరిగా రాలేదని రెండోసారి చెప్పించారు. పెద్దాయన అప్పటికి బయటికి వెళ్లిపోయాడు.

ఆ వీడియో ఆదివారం అంతా తిరిగింది. చర్చిలో నా పక్క వరస ఖాళీగా ఉన్నట్టు అనిపించింది. నిజంగా ఖాళీగా ఉందో, నాకు అలా అనిపించిందో తెలియదు. పది రోజుల్లో ఊరికి మాట్లాడుకోవడానికి ఇంకేదో దొరికింది. ఫోన్లు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ ఆ పాఠాన్ని ఇంకో లెక్చరర్‌కు ఇచ్చి, నాకు ఛందస్సు, సంధులు ఇచ్చాడు. జూన్‌లో ఆర్డరు వచ్చింది.

ఆ ఆర్డరుకు ముందే, మార్చిలో ఒకరోజు ములుగు అమ్మాయి వరండాలో ఎదురొచ్చి నిలబడింది. "మేడం, మీరెందుకు సారీ చెప్పిండ్రు? మొత్తం మీ తాన ఉండె కదా."

"నీ కోసమే," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "నేను వినిపియ్యుమనే చెప్పిన," అంది. అని తలవంచుకుని క్లాసులోకి వెళ్లిపోయింది.

నా జవాబు పూర్తి అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆ గదిలో నా బొటనవేలిని ఆపింది ఆమె భవిష్యత్తా, జూన్ ఆర్డరా, మా ఆయన ఎక్కాల్సిన తెలియని ఇళ్ల మెట్లా, చర్చి సంగతి అడిగిన గొంతా? విడదీసి చూసుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఏదీ విడిగా చేతికి రాలేదు. ఇతరుల పాత్రలైతే రెండు వాక్యాల్లో తేల్చేదాన్ని. మంత్రి గురించి నేను పద్నాలుగేళ్లు రాయించిన నోట్సును ఆ ఎండాకాలంలో బయటికి తీసి చదివాను. రాణి అడిగినప్పుడు అతని పెదవులు ఎండిపోయాయని కవి రాసిన పాదం అందులో నేను ఎక్కడా ప్రస్తావించలేదు. ఇన్నేళ్లూ చదువుతూనే ఉన్నాను, చూడలేదు. నోట్సులో పిరికితనం అన్నచోట కొట్టేసి ఇంకేదైనా రాద్దామని పెన్ను తీశాను. ఏ మాటా సరిపోలేదు. కొట్టివేత మాత్రం అలా ఉండిపోయింది.

తర్వాతి ఏడాది ఆమె మూడో సంవత్సరం పూర్తిచేసింది. సర్టిఫికెట్లు తీసుకోవడానికి వాళ్ల నాన్నతో కలిసి వచ్చింది. ఎవరి భయంతో నేను ఆ ఫోన్ నొక్కలేదో ఆ మనిషి. సన్నగా, నల్లగా, చొక్కా జేబులో బస్సు టికెట్లు. రెండెకరాల మక్క చేను, ఎండాకాలం తునికాకు పని అని చెప్పాడు. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"మీ పాఠం నేను విన్న మేడం. బస్సుల వచ్చేటప్పుడు బిడ్డ ఒక తీగ నా చెవుల పెట్టింది. మల్ల ఇంట్ల ఇంకోపారి విన్నం. నాకూ దీనికీ లొల్లి. ఇది రాజును దొంగంటది. నేనంట, డేరాల నడిమికెల్లి నడిచిండంటె మామూలు గుండె కాదని."

"ఎప్పుడు విన్నరు?" అన్నాను.

"గప్పుడే. ఆ లొల్లి అయిన వారంలనే."

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

"మీరు విన్నరని తెలిస్తే..." అన్నాను. "వినిపిస్తే మీరు చదువు మాన్పిస్తరేమో అని నేను వినిపియ్యలే."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో కోపం రాలేదు. కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నన్ను అడిగితే చెప్దును కదా మేడం," అన్నాడు. "మాన్పియ్యకపోదునేమో. ఏమో, భయపడుదునేమో కూడ. గనీ అడిగితే ఆలోచిద్దును."

కౌంటర్ దగ్గర ఆమె పేరు పిలిచారు. ఇద్దరూ వెళ్లారు. ఆయన సంతకం పెట్టాల్సిన చోట ఆమె వేలు పెట్టి చూపించడం, ఆయన నెమ్మదిగా అక్షరం అక్షరం రాయడం దూరం నుంచి చూశాను.

ఆ కావ్యపాఠాన్ని మళ్లీ నాకివ్వమని ఈ ఏడాది ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఆయన పేపర్‌వెయిట్ తిప్పి, సరే అన్నాడు, జాగ్రత్త అన్నాడు. మొదటి రోజు నలభై ఇద్దరు ఉన్నారు. ఎన్ని ఫోన్లు తెరిచి ఉన్నాయో నాకు తెలియదు. డస్టర్ టేబుల్ మీద పెట్టాను. పాఠంలో రాజు దగ్గరికి వచ్చాను. చివర రావాల్సిన మాట ముందుకు తెచ్చి, "అనుకుందాం, ఒకవేళ..." అని మొదలుపెట్టాను. వాక్యం కుంటుతూ నడిచింది. పిల్లలు పట్టించుకోలేదు. మూడో బెంచీలోంచి ఒక చేయి లేచింది.